రాత్రి రైలును కాపాడుకోవాలి

నష్టాలొస్తున్నాయంటూ 2016 డిసెంబరులో జర్మనీ రైల్వే తన రాత్రి స్లీపర్ రైళ్లకు స్వస్తి పలికింది. వాటిలో కొన్నింటిని ఆస్ట్రియా రైల్వే ‘నైట్‌జెట్’ పేరిట నిలబెట్టింది. విమానాల కాలుష్యంపై ఆందోళనతో ఆదరణ పెరిగినా పునరుద్ధరణ సులువు కాలేదు. 2018లో సీమెన్స్‌కు ఆర్డరిచ్చిన కొత్త బోగీలు పట్టాలెక్కేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అదే నెలలో మొదలైన పారిస్-బెర్లిన్ నైట్‌జెట్, ఫ్రాన్స్ ప్రభుత్వ సాయం ఆగిపోవడంతో రెండేళ్లకే నిలిచిపోయింది.

మనకు ఆ పరిస్థితి రాలేదు. హైదరాబాద్‌లో రాత్రి ఎక్కినవారిని డెల్టా ఎక్స్‌ప్రెస్ తెనాలి మీదుగా రేపల్లెకు, నారాయణాద్రి బాపట్ల మీదుగా తిరుపతికి చేరుస్తున్నాయి. కింది బెర్తు అడుగున బియ్యం బస్తా, పచ్చడి జాడీ సర్దుకుని నడుం వాల్చే రైతు కుటుంబానికి లాడ్జి ఖర్చు తప్పుతుంది, పగటి కూలీ పోదు. కానీ చాలా రైళ్లలో స్లీపర్ బోగీలు తగ్గి ఏసీ బోగీలు పెరుగుతున్నాయి. వందేభారత్ స్లీపర్‌లోనైతే అన్నీ ఏసీలే.

స్లీపర్ బస్సులున్నాయి కదా అనవచ్చు. సంక్రాంతికి ప్రైవేటు బస్సుల చార్జీలు ఎంతకు ఎగబాకుతాయో అందరికీ తెలుసు. పైగా మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు బస్సులో రాత్రంతా నరకమే. ప్రయాణికుల రైళ్ల నష్టాన్ని సరకు రవాణా ఆదాయంతో పూడ్చుకుంటున్నామన్న రైల్వే మాట నిజమే. అయితే ఆ భారాన్ని పేదల బెర్తులు కోసి తగ్గించుకోవడం న్యాయం కాదు. రాత్రి రైళ్లలో స్లీపర్, జనరల్ బోగీలకు కనీస సంఖ్యను రైల్వే బోర్డు ఖరారు చేయాలి. మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టి దాన్ని సాధించాలి.