సంపాదకుని మాట: పెంటలో ఒక పూట

నకిరేకల్ నుండి నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరిన బస్సులో, అంతవరకు ఎఱ్ఱచెల్కలను తాటివనములను మాత్రమే యెఱిగిన మన బడిపిల్లలు, నల్లమల దట్టమైన పచ్చదనమును చూచి యొక్కమాఱుగా మౌనము వహించిరి; విహారయాత్రల చరిత్రలో అట్టి నిశ్శబ్దము అపూర్వమని వారి పంతులుగారి యభిప్రాయము.

ఆ యడవిలో నివసించు చెంచులను గూర్చి హైమండార్ఫ్ పండితుడు 1943లో గ్రంథమునే ప్రకటించెను. ఆ పూట దానితో పని పడలేదు. పెంట యనబడు చెంచుగూడెములోని యొక వృద్ధుడు అడవిగడ్డను త్రవ్వి తీసి, తీగ మొదలును కొంత మిగిల్చి, మరల గుంటలోనే పూడ్చి, అరచేతితో మన్ను నదిమి, “వానలు వడితె మళ్ల ఊరుతది బిడ్డా” అనెను. పిల్లలు నోటుపుస్తకములు మూసి గుంట చుట్టును కూర్చుండిరి.

శ్రీశైలేశ్వరునే ‘చెంచు మల్లయ్య’ యని తమవానిగా పిలుచుకొను వారి ముంగిట మనము అతిథులము. అడుగకయే గుడిసెలలోనికి తొంగిచూచి ఫోటోలు తీయు యాత్రలు నాకెంతమాత్రమును సమ్మతములు కావు.

ఆ పిల్లల వ్రాతలను, అక్షరదోషములు మాత్రమే దిద్ది, ఈ సంచికలో ముద్రించితిమి. మీ బడిపిల్లలును అడవికి పోయివచ్చినచో వారి పుటలను మాకు పంపగోరుచున్నాము.