సోఫా దొరికింది, ఫ్యాక్టరీ ఏది?

అమెరికా టీవీ వాళ్ళు తలుచుకుంటే పోయిన మనిషిని కూడా బతికిస్తారు. 1997 మే నెలలో ‘రోజాన్’ సీరియల్ ముగిసినప్పుడు ఇంటాయన డాన్ కానర్ గుండెపోటుతో పోయాడని చెప్పి ప్రేక్షకుల్ని ఏడిపించారు. 2018 మార్చిలో సీరియల్ మళ్ళీ మొదలయ్యేసరికి ఆ డానే మంచం మీద నిద్ర లేచాడు. నువ్వు పోయావనుకున్నానని పెళ్ళాం అంటే జనం పకపకా నవ్వారు. పాత హాలు, పాత సోఫా, దాని వీపున ఊలుతో అల్లిన గళ్ళ దుప్పటి, అన్నీ అచ్చుగుద్దినట్టు తిరిగొచ్చాయి. మొదటి రాత్రే కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు. అయితే ఆ ఇంటిల్లిపాదీ ఏ పని చేసుకుని బతికారో ఆ పని తిరిగి రాలేదు. అదేమైందని అడిగిన పాపాన పోయినవాడూ లేడు. నా ఒళ్ళు మండేది అక్కడే.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ‘రోజాన్’ 1988 అక్టోబర్ 18న ఏబీసీ ఛానల్లో మొదలైంది. ఇల్లినాయ్‌లో లాన్‌ఫర్డ్ అనే ఊరు, కల్పించినదే. తల్లి రోజాన్ వెల్‌మన్ ప్లాస్టిక్స్‌లో అసెంబ్లీ లైన్ మీద పనిచేస్తుంది. తండ్రి డాన్ ఇళ్ళకు లోపలి గోడల పలకలు బిగించే చిన్న కాంట్రాక్టరు, పని దొరికిన నెల దొరికినట్టు, దొరకని నెల దేవుడే దిక్కు. ముగ్గురు పిల్లలు, పెళ్ళి కాని చెల్లెలు జాకీ, వంటింట్లో ఎప్పుడూ ఒక గొడవ. అప్పటికి అమెరికా టీవీని ఏలుతున్నది ‘కాస్బీ షో’. అందులో తండ్రి డాక్టరు, తల్లి లాయరు. చిత్రమేమిటంటే రెంటినీ తీసింది మార్సీ కార్సీ, టామ్ వెర్నర్ల కంపెనీయే. 1989-90 సీజన్ వచ్చేసరికి కూలి డబ్బుల ఇల్లు డాక్టరుగారి ఇంటికి పోటీగా మొదటి స్థానానికి వచ్చింది.

ఈ కుటుంబం గురించి ఎవరు రాసినా ఒకే మాట, గాడి తప్పిన కుటుంబమట. ఏం గాడి తప్పింది? మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు మోసం చేసుకోరు. రాత్రికి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. పిల్ల ఏడిస్తే తల్లి గుమ్మం దగ్గర నిలబడుతుంది. అరుచుకుంటారు, నిజమే. షిఫ్టు దిగి వచ్చి, బాయిలర్ పాడైందని తెలిసి, కరెంటు బిల్లు కట్టాలా బడి ఫీజు కట్టాలా అని లెక్కేసుకునే ఇంట్లో అరుచుకోరా? అద్దె ఆదాయం మీద బతికేవాళ్ళకు మెల్లగా మాట్లాడటం సులువు. డాన్ అప్పు చేసి పెట్టిన మోటారుసైకిళ్ళ షాపు మునిగాక ఆ ఇంట్లో కరెంటు కూడా పోతుంది. ఆ చీకట్లో వాళ్ళు జోకులేసుకుంటారు. గాడి తప్పింది వాళ్ళా?

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ చూడండి. ఫ్యాక్టరీకి ఫేబర్ అని కొత్త సూపర్‌వైజర్ వస్తాడు. (ఆ వేషం కట్టిన ఫ్రెడ్ థాంప్సన్ తర్వాత నిజంగానే టెనసీ నుంచి అమెరికా సెనేటర్ అయ్యాడు. పాత్రకు సరిపోయాడని అప్పుడే అనిపించాలి.) వస్తూనే కోటా పెంచుతాడు. గంటకు ఇన్ని ముక్కలు పడాలి, పడకపోతే నీ దారి నువ్వు చూసుకో. రోజాన్ వెళ్ళి మాట్లాడుతుంది. నోరు తగ్గించుకుంటే కోటా తగ్గిస్తానంటాడు. ఆమె నోరు ఆ ఇంటికే కాదు, ఆ సీరియల్‌కే ప్రాణం. అయినా తోటివాళ్ళ కోసం తలొంచుతుంది, అయ్యా అంటుంది, నవ్వమన్నప్పుడు నవ్వుతుంది. అంతా అయ్యాక వాడు మాట తప్పుతాడు. అప్పుడామె లేచి బయటికి నడుస్తుంది. వెనకాలే జాకీ, ఆ వెనక మిగతా ఆడవాళ్ళు. నిజామాబాద్ వైపు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చినవాళ్ళకు ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. వెయ్యికింతని కూలి, చుట్టింది బాగాలేదని కొట్టేసే కట్టలు, కొట్టేసే మనిషి ముందు అమ్మ నోరు మూసుకుని నిలబడటం, అన్నీ వాళ్ళకు తెలిసినవే.

ఇంకా మంట పుట్టించే సంగతి తెర వెనక జరిగింది. ఆ పాత్ర, ఆ మాట తీరు, ఆ విసురు అన్నీ రోజాన్ బార్ అనే హాస్యనటి తన బతుకులోంచి వేదికల మీదికి తెచ్చుకున్నవి. సీరియల్ మొదలైనప్పుడు సృష్టికర్తగా పడిన పేరు మాత్రం మాట్ విలియమ్స్‌ది. ఒకరి చెమట మీద ఇంకొకరి సంతకం అంటే ఏమిటో చూపించే సీరియల్‌లోనే అదే జరిగింది. ఆమె కొట్లాడింది, సెట్ మీద నానా రభసా చేసింది, పదమూడు ఎపిసోడ్లు కాగానే విలియమ్స్ తప్పుకున్నాడు. ఆ రభసకు పత్రికలు పెట్టిన పేరు పొగరు. మగ నిర్మాత అదే పని చేస్తే పట్టుదల అనేవాళ్ళు.

తర్వాత ఆమె చేసిందాన్ని నేను వెనకేసుకురాను. తొమ్మిదో సీజన్లో ఆ ఇంటికి 10.8 కోట్ల డాలర్ల లాటరీ తగిలించి తన కథను తానే పాడు చేసుకుంది. చివరి ఎపిసోడ్లో అదంతా కల్పనేనని చెప్పి కాస్త పరువు దక్కించుకుంది. 2018 మే నెలలో ఒబామా దగ్గర సలహాదారుగా పనిచేసిన వాలెరీ జారెట్ మీద జాత్యహంకారంతో నీచమైన ట్వీట్ పెట్టింది. ఏబీసీ అదే రోజు సీరియల్ రద్దు చేసింది. సరైన పనే. కానీ ఆ ట్వీట్ రాకముందే సీరియల్‌ని చంపేసింది వేరే సరుకు. దాని పేరు పాత జ్ఞాపకాల వ్యాపారం.

2018 నాటి ఆ తొమ్మిది ఎపిసోడ్లలో నిజం లేకపోలేదు. మొదటి ఎపిసోడ్లోనే మొగుడూ పెళ్ళాలు వంటింటి బల్ల ముందు కూర్చుని మందుబిళ్ళలు పంచుకుంటారు. బీమా మారిందని, సగం బిళ్ళలే వచ్చాయని డాన్ చెప్తాడు. ఇది నీకు, అది నాకు అంటూ లెక్కపెట్టుకుంటారు. ఆ నిమిషం సేపు పాత ‘రోజాన్’ కళ్ళముందు నిలబడింది. వెంటనే అక్కాచెల్లెళ్ళ రాజకీయాల జగడంలోకి దూకేశారు. అక్క ట్రంప్‌కు ఓటేసింది, చెల్లెలు వేయలేదు, దాని మీద మాటామాటా. కెమెరాలన్నీ, పేపర్లన్నీ అటే పరిగెత్తాయి. ట్రంప్ స్వయంగా ఫోన్ చేసి రోజాన్‌ని అభినందించాడు, ఒహాయో సభలో ఆ సీరియల్ మన గురించేనని చెప్పుకున్నాడు. కూలి చేసే కుటుంబం అనగానే ఎవరికి ఓటేసిందన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆ లెక్కయినా సరిగ్గా వేశారా అంటే అదీ లేదు. 2016 ఎగ్జిట్ పోల్స్‌లో ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే ఓటర్లలో ఎక్కువమంది హిల్లరీ క్లింటన్ వైపే ఉన్నారు. ఆ ఓటర్లలో నల్లవాళ్ళు, మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, ఒంటరి తల్లులు ఉన్నారు. వాళ్ళ ఓటు గురించి ఆ సోఫా మీద ఎవరూ మాట్లాడలేదు కాబట్టి టీవీ లెక్కలో వాళ్ళు కార్మికులూ కాలేదు.

1988లో అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 3.35 డాలర్లు. 2018లో 7.25. ముప్పై ఏళ్ళలో పెరిగిన ధరలతో పోల్చి చూస్తే రెండూ దాదాపు ఒకటే. పాత రోజుల్ని చెక్కుచెదరకుండా కాపాడింది సెట్ డిజైనర్లు అనుకుంటున్నాం కానీ, వాళ్ళ కంటే శ్రద్ధగా కాపాడింది వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ళు. 7.25 అన్నది 2009 జూలైలో పెట్టిన అంకె. ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాలు 2018లో దాని పైన కాస్త కలిపేవి, అంతే. పునర్జన్మ ఎత్తిన సీరియల్‌లో ఎవరైనా ఈ అంకె పలుకుతారేమో అని చెవులు రిక్కించుకుని విన్నాను.

ఈ రెండు ‘రోజాన్’ల మధ్యలో పేదింటి సీరియళ్ళలో ఇంకో జాతి పుట్టింది. ‘షేమ్‌లెస్’. 2004లో బ్రిటన్ ఛానల్ 4లో పాల్ అబ్బాట్ తీసినప్పుడు దానికో కన్నీటి వేరు ఉంది. ఆయన చాలామంది పిల్లలున్న ఇంట్లో, తల్లీ తండ్రీ వదిలేసి పోతే అక్క చేతిలో పెరిగినవాడు. అమెరికా వాళ్ళు 2011లో దాన్ని షోటైమ్ అనే డబ్బు కట్టి చూసే ఛానల్‌కు తెచ్చి పదకొండు సీజన్లు సాగదీశారు. రానురాను మిగిలింది తాగుబోతు తండ్రి చిందులే. ఎద్దు పుండు కాకికి ముద్దు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మనమేమీ తక్కువ తినలేదు. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్, ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ చూసి ఊరూవాడా మా ఇల్లే అని మురిసిపోయింది. శివాజీ బాగా చేశాడు, ఉప్మా గొడవకు నేనూ నవ్వాను. కానీ గుర్తు పెట్టుకోండి, అది సర్కారీ మాస్టారి ఇల్లు. తొంభైల్లో నెల తిరక్కుండా జీతం వచ్చే ఇల్లు మన ఊళ్ళల్లో పెద్ద ఇల్లే. ఆ వీధి చివర సున్నం కొట్టే మేస్త్రీకి, ఇళ్ళల్లో గిన్నెలు తోమే అమ్మకు తొంభైలు లేవా? వాళ్ళ పిల్లలకు జ్ఞాపకాలు లేవా? ఉన్నాయి. వాటికి ప్రకటనలు ఇచ్చే కంపెనీలు లేవు. మన డైలీ సీరియళ్ళ పట్టుచీరల సంగతి ఇక ఎత్తను, రక్తపోటు పెరుగుతుంది.

ఇప్పుడు నా వాదనకు అడ్డొచ్చే మాట నేనే చెప్తాను. రోజాన్ బార్‌ని తీసేశాక, సృజనలోనూ లాభాల్లోనూ ఆమెకు వాటా లేకుండా, మిగిలినవాళ్ళతో ‘ది కానర్స్’ అని తీశారు. దాదాపు 200 మంది ఉద్యోగాలు నిలబడాలని తాను ఒప్పుకున్నట్టు ఆమె చెప్పింది. ఆ ముక్కకు మాత్రం నా నమస్కారం. 2018 అక్టోబర్‌లో మొదలైన ఆ సీరియల్‌లో తల్లి పోయింది ఎలాగో తెలుసా? మోకాలి నొప్పికి వాడిన మత్తు బిళ్ళలు ఎక్కువై. మొగుడితో మందుబిళ్ళలు లెక్కపెట్టి పంచుకున్న ఆ మనిషే. ఊలు దుప్పటి చూడటానికి వచ్చిన జనం వారం వారం తగ్గారు. రచయితలు ఊపిరి పీల్చుకున్నారు. కొన్నాళ్ళకు కూతుళ్ళు డార్లీన్, బెకీ ఇద్దరూ ఉద్యోగం కోసం ఎక్కడికి వెళ్ళారంటే, తల్లి తిట్టి వదిలేసి వచ్చిన ఆ వెల్‌మన్ ప్లాస్టిక్స్‌కే. రచయిత్రి కావాలనుకున్న డార్లీన్, తల్లి నిలబడిన లైన్ మీదే నిలబడింది. ఇదీ కథ. ఆమె లైన్ మీదికి వచ్చేసరికి పండగ చేసినవాళ్ళు టీవీ ముందు లేరు.

2025 ఏప్రిల్‌లో ‘ది కానర్స్’ ముగిసింది. భార్య చావుకు కారణమైన మందుల కంపెనీ మీద డాన్ వేసిన దావా చివరికి తేలింది. చేతికొచ్చింది కొన్ని వందల డాలర్లు. తొమ్మిది ఎపిసోడ్ల సోఫాకు మొదటి పేజీలు ఇచ్చిన పత్రికలు ఏడు సీజన్ల ఈ చాకిరీకి లోపలి పేజీల్లో ఓ మూల చోటిచ్చాయి. పాత హిట్లన్నీ తవ్వి తీసే కాలం ఇది, రేపు ఇంకో ఇంటి తలుపు తీస్తారు. తీయండి, చూస్తాం. లోపలికి రాగానే సోఫా రంగు చూపించకండి. ఈ ఇంట్లో షిఫ్టుకు వెళ్ళేదెవరు, గంటకెంత ఇస్తున్నారు, కోటా ఎవడు పెంచాడు, ముందు అది చెప్పండి.