పైసా లేని పాట

స్నేహితుల ఫ్యాంటసీ లీగులో ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకోవాలా, వేలంపాట పెట్టుకోవాలా? బయటివాళ్ళకి ఇది పనీపాటా లేనివాళ్ళ గొడవలాగే కనిపిస్తుంది. కానీ ఏటా ఐపీఎల్ ముందు మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో దీని మీద జరిగినంత రభస జీతాల పెంపు మీద కూడా జరగదు. నా ఓటు మొదట్నుంచీ పాటకే. అదీ జేబులోంచి ఒక్క పైసా తియ్యక్కర్లేని పాటకి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు కొంచెం చరిత్ర. ఈ సరదా పుట్టింది అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ చుట్టూ. 1962లో ఓక్లండ్‌కి చెందిన బిల్ విన్కెన్‌బాక్ అనే ఆయన ఇంకొందరితో కలిసి నియమాలు రాసుకున్నాడు. మరుసటి ఏడాది మొదటి డ్రాఫ్టు జరిగింది. తర్వాత 1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు బేస్‌బాల్ లీగు పెట్టుకుని, వంతులు తీసేసి వేలం పెట్టారు. అంటే మా గొడవ మాకంటే పెద్దదన్నమాట. పద్ధతులు వేరైనా రెండిట్లోనూ ప్రాణం ఒకటే: ఒకడు తీసుకున్న ఆటగాడు ఇంకొకడికి దొరకడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మా లీగులో ఎనిమిది మందిమి. అందరివీ బెజవాడ చుట్టుపక్కల ఊళ్ళే. ఇప్పుడు హైదరాబాదులో నలుగురం, బెంగుళూరులో ఇద్దరు, డల్లాసులో ఒకడు, కైకలూరులో చేపల చెరువులు చూసుకునేవాడు ఒకడు. మనిషికి వెయ్యి పాయింట్లు, పద్నాలుగు మంది ఆటగాళ్ళు, కనీస పాట పది. మన శనివారం రాత్రి ఎనిమిదికి మొదలెడితే డల్లాసు వాడికి పొద్దున్న తొమ్మిదిన్నర. అయ్యేసరికి మాకు అర్ధరాత్రి దాటుతుంది.

డల్లాసు వాడి వాదన ఏంటంటే, వాళ్ళ ఆఫీసులోలాగా పాము పద్ధతి పెట్టమని. మొదటి రౌండులో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎంచుకుంటారు, రెండో రౌండులో ఎనిమిది నుంచి ఒకటికి వస్తారు. గంటన్నరలో అయిపోతుంది, ఎవరూ అరుచుకోరు. రెండూ నిజమే. కానీ చీటీ తీస్తే ఎనిమిదో నంబరు వచ్చినవాడికి కోహ్లీ దొరికే దారే లేదు. ఒకటో నంబరు వాడు కళ్ళు మూసుకుని తీసుకుంటాడు. కోహ్లీ మంచి ఆటగాడని మా అమ్మమ్మకి కూడా తెలుసు. కోహ్లీ కోసం ఎంత వదులుకోవచ్చో తెలియడంలోనే ఉంది తెలివంతా. ఆ "ఎంత" అనే ప్రశ్నే పాము పద్ధతిలో రాదు.

పైగా మనకి పాటలు నేర్పాలా? మన డెల్టాలో పుట్టినవాడు పలక పట్టకముందే పాట వింటాడు. పంచాయతీ చెరువుకి పాట, తిరునాళ్ళలో కొట్లకి పాట, వినాయకుడి లడ్డుకి పాట, వీధి చివర చీటీకి పాట. "ఒకటోసారి... రెండోసారి..." అనగానే గుండె కొట్టుకోవడం మనకి చిన్నప్పటి అలవాటు.

అందులో చీటీపాట ఒక్కటి అర్థమైతే డ్రాఫ్టు సగం అర్థమైనట్టే. ఇరవై మంది, నెలకి అయిదేసి వేలు, లక్ష రూపాయల చీటీ అనుకోండి. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాడు ఇరవై వేలు వదులుకుని పాడేసుకుంటాడు. ఆ ఇరవై వేలు కమీషను పోగా మిగతావాళ్ళందరికీ పంపకం అవుతుంది. తొందర ఉన్నవాడు కడతాడు, ఆగగలిగినవాడు తింటాడు. మా పాటలోనూ అంతే. మొదటి అరగంటలో పేరున్న నలుగురి మీద ఆరేడు వందలు పోసినవాడు, చివరి గంటలో మంచి బౌలరు ఇరవైకి పోతున్నా నోరు మూసుకుని కూర్చోవాలి.

అలాగని చివరిదాకా చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. పాట ముగిశాక మిగిలిన పాయింట్లు ప్రకాశం బ్యారేజీ కిందకి వదిలేసిన నీళ్ళలాంటివి, ఎవడి పొలానికీ పనికిరావు. అందుకే నేను ముందే ఎక్సెల్ షీటులో ప్రతి ఆటగాడికీ ఒక ధర వేసుకుంటాను. లెక్క పెద్ద కష్టమైనది కాదు. ఎనిమిది మందికి పద్నాలుగు చొప్పున 112 మంది ఆటగాళ్ళు కావాలి. మొత్తం 8000 పాయింట్లలో కనీస పాటల కిందే 1120 పోతాయి. మిగిలిన 6880 పాయింట్లే అసలు పోటీ సొమ్ము. ఇక ఏ జట్టులోనూ చోటు దొరకని 113వ వాడికంటే ప్రతి ఆటగాడూ ఎన్ని ఎక్కువ స్కోర్లు తెస్తాడో అంచనా వేసి, అన్నీ కూడండి. ఆ మొత్తం 17200 వచ్చిందనుకుంటే ఒక్కో స్కోరు ఖరీదు 0.4. ఒకడు 300 ఎక్కువ తెస్తాడనిపిస్తే వాడి ధర 120, దానికి కనీస పాట పది కలిపితే 130. 131కి ఎవడైనా పాడితే నవ్వుతూ ఇచ్చెయ్యడమే.

కోడు రాసేవాళ్ళకి ఇంకో చిట్కా. ఎదుటివాడి దగ్గర ఎంత మిగిలిందో చూడటం చాలదు, ఎంత వరకు పాడగలడో చూడాలి. మిగిలిన ఖాళీల్లో ఒకటి తగ్గించి, పదితో హెచ్చవేసి, దాన్ని వాడి నిల్వలోంచి తీసెయ్యండి. మొదట్లో ఎవరైనా గరిష్ఠంగా 870 దాకానే వెళ్ళగలరు. ఈ ఒక్క గడి షీటులో ఉంటే చివరి గంటలో మీరే రాజు. ఇంకోటి, మన వంతు వచ్చినప్పుడు మనకి అక్కర్లేని పెద్ద పేర్లని ముందు పాటకి పెట్టాలి. పక్కవాళ్ళ జేబులు ఖాళీ అవుతాయి. అయితే ధర పెంచడానికి ఉత్తుత్తి పాట మాత్రం పాడొద్దు. మూడోసారి అనేసరికి అందరూ మౌనంగా ఉంటే ఆ గుదిబండ మన మెడకే.

పాటలో గెలిచినవాడే ఎక్కువగా ఎందుకు మునుగుతాడన్న సంగతి మీద 1971లో ముగ్గురు అమెరికా పెట్రోలియం ఇంజనీర్లు ఒక పేపరు రాశారు. సముద్రంలో చమురు ఎంత ఉందో ఎవరికీ సరిగ్గా తెలియదు, ఒక్కొక్కరిదీ ఒక్కో అంచనా. అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడే పాట గెలుస్తాడు, అంటే అందరికంటే ఎక్కువ పొరబడ్డవాడే గెలిచే ప్రమాదం ఉంది. దాన్నే విజేత శాపం అంటారు. మన నూజివీడు వైపు పూత మీద మామిడి తోట కొనే వ్యాపారికి ఇది ఏ పేపరూ చదవకుండానే తెలుసు. పూత చూసి మురిసిపోయి పాడితే ఒక్క గాలివానకి నేల మీద పిందెలే మిగులుతాయి.

ఐపీఎల్ చరిత్రే దీనికి సాక్ష్యం. 2008 ఫిబ్రవరి 20న ముంబైలో జరిగిన మొట్టమొదటి పాటలో మన డెక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొంది. కొనుగోళ్ళకి డబ్బు మిగలాలని లక్ష్మణ్ తన ఐకాన్ హోదానే వదులుకున్నాడు. ఫలితం? పద్నాలుగు మ్యాచుల్లో రెండు గెలిచి ఆఖరి స్థానం. అందరికంటే తక్కువ ఖర్చు పెట్టిన రాజస్థాన్ కప్పు ఎత్తుకెళ్ళింది. 2024 నవంబరులో జెడ్డాలో పంత్‌ని లక్నో 27 కోట్లకి పాడుకుంది, అప్పటికి అదే రికార్డు. 2025లో ఆయన చేసింది 269 పరుగులు, అందులో 118 ఆఖరి మ్యాచిలోనివే. ఆ ఏడాది ఎక్కువ పరుగులు తీసిన సాయి సుదర్శన్ ధర ఎనిమిదిన్నర కోట్లు, ఎక్కువ వికెట్లు తీసిన ప్రసిద్ధ్ కృష్ణది తొమ్మిదిన్నర. మరి డెక్కన్ వాళ్ళే 2009లో గెలిచారు కదా అంటారేమో. గెలిచారు, అదృష్టం మారదని నేననలేదుగా :)

ఇక మన జబ్బు ఒకటుంది, "మనవాడు". 2022 డిసెంబరులో 20 లక్షలకి హైదరాబాదు జట్టులోకి వచ్చిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, 2024లో 303 పరుగులు చేసి ఆ సీజను ఉత్తమ వర్ధమాన ఆటగాడయ్యాడు. ఆ డిసెంబరులోనే మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు. ఇంకేం, 2025 పాటలో మా వాళ్ళకి పూనకం వచ్చింది. "మనోడ్రా మామా, వదలకూడదు" అంటూ బెంగుళూరు వాడొకడు 240 దాకా వెళ్ళాడు. ఆ సీజనులో నితీశ్ చేసినవి 182 పరుగులు. అప్పుడు కైకలూరు వాడు ఒకటే మాట అన్నాడు: "బావా, చేపని చూసి చెరువు పాడాలి గానీ, గట్టు మీద మనూరి పేరు చూసి కాదు." వాడి దగ్గర ఏ షీటూ ఉండదు. గత నాలుగు సీజన్లలో రెండుసార్లు గెలిచింది వాడే. మా ఎక్సెల్ ఇంజనీర్లందరికీ అది కాస్త మింగుడుపడని విషయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏటా ఎవడో ఒకడు అంటాడు, "మనిషికి అయిదు వేలు వేద్దాంరా, మజా ఉంటుంది" అని. నేను ఒప్పుకోను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ పార్లమెంటే చట్టం చేసింది. చట్టానికి భయపడి ఈ మాట అనడం లేదు. యాప్ ఆటల్లో జరిగిందేమిటో చూడండి. అక్కడ లక్షమంది ఒకే కోహ్లీని, ఒకే బుమ్రాని పెట్టుకోవచ్చు. ఒకడు తీసుకుంటే ఇంకొకడికి లేకుండా పోవడం అనేది లేదు. డ్రాఫ్టుకి ప్రాణమైన ఆ కొరతని తీసేశాక ఆటలో ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది? అసలు డబ్బు పెట్టి తెప్పించారు. నైపుణ్యమా జూదమా అని కోర్టుల్లో ఏళ్ళతరబడి వాదించుకున్నారు గానీ, నాకైతే తేడా ఇక్కడే కనిపిస్తుంది.

మాతో చదివిన ఒకడు అలాంటి ఒక యాప్‌లో రోజుకి నలభై తొమ్మిది రూపాయలతో మొదలుపెట్టి, రెండు క్రెడిట్ కార్డులు నింపుకుని, తెనాలి దగ్గర నాన్నగారి అరెకరం అమ్మించాడు. మంచివాడు, తెలివైనవాడు, లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. ఇప్పుడు మా ఫోన్లు ఎత్తడు. మా లీగులో తొమ్మిదో మనిషి చోటు వాడిది. ఎన్నిసార్లు పిలిచినా "వద్దులేరా" అని ఒక మెసేజి వస్తుంది, అంతే. అయిదు వేలు వేద్దామన్న ప్రతిసారీ నాకు వాడే గుర్తొస్తాడు. డబ్బు పెట్టామంటే వాడు రావడానికి ఉన్న ఆ కాస్త దారీ మేమే మూసేసినట్టు.

డబ్బు లేకపోతే సీరియస్‌గా ఆడరు అనేది ఉత్త మాట. మా పాటలో ఏడు పాయింట్ల కోసం నలభై నిమిషాలు వాదించుకున్నాం. ఆ పాయింట్లతో టీ కూడా రాదు. అయినా అవి వెయ్యే ఉన్నాయి, బుమ్రా ఒక్కడే ఉన్నాడు. ఆ కొరత చాలు. ఓడినవాడు బందరు లడ్డు తెచ్చిపెట్టాలనేది మా ఏకైక పందెం. డల్లాసు వాడు మూడేళ్ళుగా బాకీ.

కాబట్టి మీ బ్యాచిలో కూడా ఈ గొడవ ఉంటే నా సలహా ఇదీ: పాట పెట్టుకోండి, ధరల షీటు రాసుకోండి, మనవాడి మీద ప్రేమకి ఒక పది పాయింట్లు విడిగా కేటాయించుకోండి, డబ్బు మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ నాలుగు గంటలు ఎనిమిది మంది ఒకేచోట, నోరు నొప్పెట్టేలా, పాత ముద్దుపేర్లతో తిట్టుకుంటూ గడపడం ఇంకే సాకుతోనూ కుదరడం లేదు మరి. పాము పద్ధతిలో అదే గంటన్నరలో అయిపోతుంది. అది కూడా ఒక లోపమే, ఏమంటారు?