తాతగారి మరణ నమోదు ఆన్‌లైన్‌లో లేదా? వెతకాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి

తాత పేరున ఉన్న పొలం మనవల పేరుకు మారాలి. ఆఫీసులో మొదట అడిగే కాగితం ఆయన మరణ ధ్రువీకరణ పత్రం. ఇంట్లో గోడకు దండ వేసిన ఫొటో ఉంటుంది. ఏటా తద్దినం పెడుతూనే ఉంటారు. ఆ ఒక్క కాగితం మాత్రం ఉండదు. ఫోన్‌లో వెతికితే ‘రికార్డు లేదు’ అని వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. వంశవృక్షం రాసుకుందామని మొదలుపెట్టిన వాళ్లకూ ఇదే అడ్డంకి.

ఆన్‌లైన్‌లో లేదంటే అసలు నమోదే కాలేదని అర్థం కాదు. ఆ పేజీ ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కలేదనో, మీరు వేరే ఊరి రికార్డుల్లో వెతుకుతున్నారనో కూడా కావచ్చు. కాగితం దొరకడం, దొరకకపోవడం ఎక్కువగా రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది: ఎక్కడ చనిపోయారు? ఎప్పుడు చనిపోయారు?

సొంతూరు కాదు, చనిపోయిన ఊరు

మరణం జరిగిన చోటే నమోదవుతుంది. సొంతూరు, ఓటున్న ఊరు, అంత్యక్రియలు జరిగిన ఊరు లెక్కలోకి రావు. తెనాలి దగ్గరి పల్లెలో బతికిన మనిషి గుంటూరు ఆస్పత్రిలో కన్నుమూస్తే ఆ నమోదు గుంటూరు నగరపాలక సంస్థలో ఉంటుంది. పల్లెలోని పంచాయతీలో ఎన్నిసార్లు అడిగినా దొరకదు. వైద్యానికి మద్రాసో వేలూరో తీసుకెళ్లగా అక్కడే పోయి ఉంటే రికార్డు తమిళనాడులో ఉంటుంది. చెన్నై కార్పొరేషన్ జనన, మరణ పత్రాలను ఆన్‌లైన్‌లో వెతికి తీసుకునే వీలు కల్పించింది.

ఊరు తెలిసినా, ఆనాడు అది ఏ జిల్లా, ఏ మున్సిపాలిటీ అన్నది చూసుకోవాలి. ప్రకాశం జిల్లా 1970లో, రంగారెడ్డి 1978లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. 1965లో ఒంగోలులో పోయిన వారి కాగితాల మీద గుంటూరు జిల్లా అని ఉంటుంది. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు ఉన్నవి తాలూకాలు. హైదరాబాద్ సంగతీ అంతే. చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది 2007లో. 1995లో కూకట్‌పల్లిలో జరిగిన మరణం అప్పటి కూకట్‌పల్లి మున్సిపాలిటీ పుస్తకంలో ఉండాలి.

తద్దినం తిథి నుంచి తేదీకి

తేదీ ఎవరికీ గుర్తుండదు. తిథి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. ‘రక్తాక్షి నామ సంవత్సరం, మాఘ శుద్ధ ఏకాదశి’ అన్న ఒక్క మాటతో సగం పని అయిపోయినట్టే. సంవత్సరం పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి ఏ చుట్టో తేల్చుకుంటే, పాత పంచాంగం చూసి తేదీ పట్టుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రక్తాక్షి 1984 ఉగాదితో మొదలైంది. కానీ ఆ ఏటి మాఘం వచ్చేసరికి 1985 వచ్చేసింది. మార్గశిరం చివరి నుంచి ఫాల్గుణం దాకా చనిపోయిన వారి కోసం వెతికేటప్పుడు తర్వాతి ఇంగ్లిష్ సంవత్సరం కూడా చూడాలి.

తిథీ తెలియకపోతే జ్ఞాపకాలను అడగండి. ‘దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు’ అంటే 1977. ‘పోలీసు చర్య అయిన ఏడు’ అంటే 1948. ‘పెద్దక్క పెళ్లయిన మరుసటేడు’ అన్నా పనికొస్తుంది, శుభలేఖ మీద తేదీ ఉంటుంది కదా. రెండు మూడేళ్ల వ్యవధికి కుదించి అడిగితే పాత పుస్తకం తిప్పడానికి సిబ్బంది ఒప్పుకుంటారు. ‘ఎప్పుడో చిన్నప్పుడు’ అంటే ఒప్పుకోరు.

ఏ కాలపు రికార్డు, ఏ ఆఫీసులో?

ఇప్పుడు అమల్లో ఉన్న జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దేశంలో చాలా భాగంలో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పల్లెల్లో పంచాయతీ, పట్టణాల్లో మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఈ రికార్డు చూస్తాయి. ఇటీవలి మరణాలకు తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు, మీసేవ ద్వారా దరఖాస్తు చేయొచ్చు. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఎలక్ట్రానిక్ పత్రాలకు, జాతీయ స్థాయి డేటాబేస్‌కు చట్టంలోనే చోటు దక్కింది. కానీ పాత పుస్తకాల్లో ఉన్నదంతా దానంతట అదే అందులోకి రాదు.

అంతకుముందు సంగతి వేరు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు 1899 చట్టం ఉండేది. పల్లెలో పుట్టుక, చావు రాసింది గ్రామ మునసబు. తెలంగాణ పల్లెల్లో ఆ పని పోలీస్ పటేల్‌ది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం, పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. దాంతో దస్త్రాలు చేతులు మారాయి. అందుకే 1984కు ముందు మరణమైతే పంచాయతీతో పాటు తహసీల్దార్ కార్యాలయం రికార్డు గదిలోనూ అడగాలి. నిజాం కాలపు తెలంగాణ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపు ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48.

అడగడం మీ హక్కు

‘పాత పుస్తకాలు చూపించం’ అన్న మాట మీకు ఎదురుకావచ్చు. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా రిజిస్టర్‌లో ఒక నమోదును వెతికించుకోవచ్చు, ధ్రువపత్రం అడగొచ్చు. దగ్గరి బంధువే అయ్యుండాలని ఆ సెక్షన్ చెప్పదు. ఒక్క పరిమితి ఉంది: మరణ కారణాన్ని ఆ పత్రంలో వెల్లడించరు. నోటిమాటగా అడిగి వెనక్కి రాకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

దరఖాస్తులో పేరును రెండు మూడు రకాలుగా రాయండి. ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా, ఊళ్లో పిలిచే పేరుతో కూడా. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. నాయనమ్మ పేరు పుస్తకంలో ‘సుబ్బమ్మ’ అని మాత్రమే ఉండి, పక్కన తాత పేరు ఉండొచ్చు. కాబట్టి తండ్రి పేరు, భర్త పేరు రెండూ ఇవ్వండి. మరణించిన నెల దగ్గరే ఆగకుండా తర్వాతి నెలల పేజీలూ చూడమని అడగండి. కబురు ఆలస్యంగా అందితే నమోదూ ఆలస్యంగానే జరిగి ఉంటుంది.

నిజంగానే నమోదు కాకపోతే

అన్నిచోట్లా చూసినా పేరు లేకపోతే ఉత్త చేతులతో రావొద్దు. ‘నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్’ అడగండి. ఫలానా వ్యక్తి మరణం తమ రిజిస్టర్‌లో లేదని అధికారి రాసిచ్చే కాగితం అది. తర్వాతి మెట్టుకు అదే ఆధారం.

మరణాన్ని 21 రోజుల్లోపు తెలపాలి. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము కడితే చాలు. ఏడాది లోపైతే నిర్ణీత అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. 2023 సవరణ ఈ అధికారాన్ని జిల్లా మెజిస్ట్రేట్‌కు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్‌కు, లేదా జిల్లా మెజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో సాధారణంగా ఈ దరఖాస్తు ఆర్డీవో దగ్గరికి వెళుతుంది. విచారణ ఉంటుంది. వాంగ్మూలాలు, ఆధారాలు అడుగుతారు.

‘రెండు రోజుల్లో తెచ్చిస్తాం’ అనే దళారుల చేతిలో పడొద్దు. రిజిస్టర్‌లో నమోదు లేని పత్రం రిజిస్ట్రేషన్ దగ్గరో కోర్టులోనో పట్టుబడితే ఆస్తితో పాటు కేసూ మెడకు చుట్టుకుంటుంది.

పక్కదారి ఆధారాలు

ఆర్డీవో విచారణకైనా, వంశవృక్షానికైనా ఇవి పనికొస్తాయి.

భూమి రికార్డులు: ఒక ఏటి పహాణీ లేదా అడంగల్‌లో తాత పేరుండి, తర్వాతి ఏట కొడుకుల పేర్లు వచ్చాయంటే ఆ మధ్యలో ఏదో జరిగింది. తెలంగాణలో దాని పక్కన ‘విరాసత్’, ‘ఫౌతి’ అన్న మాటలు కనిపిస్తే అది మరణం వల్ల వచ్చిన మార్పే. చనిపోయిన ఏడు తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం పల్లెల్లో అరుదు.

ఓటరు జాబితాలు: ఒక జాబితాలో ఉండి తర్వాతి దాంట్లో లేని పేరు కూడా కాలాన్ని కుదిస్తుంది.

ఉద్యోగం, పింఛను: సర్వీసు పుస్తకం, కుటుంబ పింఛను ఉత్తర్వు, బీమా క్లెయిమ్ కాగితాల్లో మరణ తేదీ ఉంటుంది.

చర్చి, శ్మశానం: క్రైస్తవ కుటుంబాలైతే సంఘం ఖనన రిజిస్టర్, సమాధి రాయి చూడాలి. ముస్లిం కుటుంబాలు ఖబరస్తాన్ నిర్వాహకులను అడగొచ్చు.

పత్రికలు: శ్రద్ధాంజలి, వర్ధంతి ప్రకటనల్లో ఫొటోతో పాటు కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్లన్నీ ఉంటాయి. వంశవృక్షం రాసేవారికి ప్రభుత్వ పత్రం కంటే ఇవే ఎక్కువ చెబుతాయి. అయితే వర్ధంతి ప్రకటన అచ్చయిన తేదీని మరణ తేదీగా రాసుకోకండి. ఎన్నో వర్ధంతో చూసి వెనక్కి లెక్కపెట్టండి. పాత సంచికల కోసం 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక వంటి పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చింది.

గయ పండాలు: మీ పెద్దలెవరైనా గయలో పిండప్రదానం చేసి ఉంటే, అక్కడి పండాల బహీ పుస్తకాల్లో ఆయన పేరు, ఊరు, ఎవరెవరికి పెట్టారో రాసి ఉండే అవకాశం ఉంది. ప్రాంతాన్ని బట్టి పండా ఉంటారు కాబట్టి ఊరి పేరు, పాత జిల్లా పేరు చెప్పి అడగాలి.

వీటిలో ఏదీ మరణ ధ్రువీకరణ పత్రానికి బదులు కాదు. వారసులెవరో తేల్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మళ్లీ వేరు, అది తహసీల్దార్ ఇస్తారు. వారసుల మధ్య తగాదా ఉంటే చివరికి సివిల్ కోర్టే దిక్కు.

ఈ వారం చేయాల్సిన పని

ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తాత, నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల తోబుట్టువులు ఎక్కడ పోయారు, ఏ తిథిన పోయారు, ఆస్పత్రిలోనా ఇంట్లోనా అని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రిజిస్టర్ ఏదో ఒక బీరువాలో ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. ఏ బీరువా తెరవాలో తెలిసిన మనిషి ఉండకపోవచ్చు.

ఇకముందు ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దకర్మ అయ్యాక చూద్దామని మరీ వదిలేయకుండా 21 రోజుల గడువులోపే నమోదు చేయించండి. పేరు ఆధార్‌లో, పట్టాదారు పాసు పుస్తకంలో ఎలా ఉందో అలాగే ఉందా అని సరిచూసుకోండి. తప్పు దొర్లితే దిద్దించుకునే వీలు చట్టంలో ఉంది, అప్పుడే అడిగితే సులువు. మీ మనవలు మళ్లీ ఇదే వెతుకులాట మొదలుపెట్టే అవసరం రాదు.