పక్షుల్ని చూస్తే కూడు పెడతాదా, సార్?



మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి ఈ మాట అడిగారు. వాళ్ల పాప తొమ్మిదో తరగతి. బంధువుల ఊరికి వెళ్తూ దారిలో చిలమత్తూరు మండలం వీరాపురంలో ఆగి, చింతచెట్ల మీద గూళ్లు కట్టిన ఎర్రకాళ్ల కొంగల్ని చూసింది. "అవి సైబీరియా నుంచి వస్తాయి" అని అక్కడ ఎవరో చెప్పారట. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేసి, అవి సైబీరియా పక్షులే కావని తేల్చింది. అప్పటి నుంచి ఎకాలజీ చదువుతానని ఒకటే పట్టు.

నేను నవ్వేసి, "ముందు ఫౌండేషన్ కోర్సు పూర్తి కానివ్వండి, తర్వాత చూద్దాం" అని పంపేశాను. అది తప్పించుకునే జవాబు. ఆయనకూ, ఇంట్లో ఇలాంటి పిల్లలున్న మీకూ సరైన జవాబు బాకీ పడ్డాను. ఈ నెల ఆ బాకీ తీర్చుకుంటున్నాను.

ముందుగా, పాప చెప్పింది నిజం. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అని పిలిచే ఈ కొంగలు మన దేశపు పక్షులే. చెరువుల్లో నీళ్లు, చేపలు ఉన్నచోటికి తిరుగుతూ, అనువైన చెట్ల మీద గుంపుగా గూళ్లు కడతాయి. ఒక ఏడాది గూళ్లు ఎక్కువగా, మరో ఏడాది తక్కువగా ఎందుకుంటాయి? కొంగల్ని ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. చెరువును చూడాలి, దాన్ని నింపే వంకను చూడాలి, వానను చూడాలి, ఆ వాన వచ్చే సముద్రం ఎంత వేడెక్కుతోందో కూడా చూడాలి. ఈ లంకెలన్నీ కొలిచి చెప్పే చదువే ఎకాలజీ.

ఈ లంకెలతో మనకేం పని అనుకోకండి. మన ప్రాంతం పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు మన దాకా వచ్చేసరికి బలహీనపడతాయి. ఈశాన్య వానలకు తీరం దూరం. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. అందులో కాస్త అటూ ఇటూ అయినా వేరుశనగ రైతు గతి మారిపోతుంది. హిందూపురం మార్కెట్టుకు గూళ్లు తెచ్చే రైతును అడగండి. పట్టుపురుగుకు 23 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి ఉండాలి, అది దాటితే పంట దెబ్బతింటుంది. ధర్మవరంలో వాననీరు మగ్గం గుంతలోకి ఊరితే చీర ఆగిపోతుంది. ఎప్పుడూ ఎండి ఉండే చిత్రావతి 2021 నవంబరులో ఎలా పొంగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వరదలో చిక్కుకున్నవారిని వైమానిక దళం హెలికాప్టరులో కాపాడాల్సి వచ్చింది. మన పిల్లలు పెద్దయ్యేసరికి ఈ కరువు, ఈ వరద, ఈ ఎండ ఎలా మారతాయో చెప్పగలిగేవాళ్లు మనకు కావాలి. ఈ నేల తెలిసిన పిల్లలే ఆ పని చేస్తే ఇంకా మేలు.

ఇక కూడు సంగతి. ఇంటర్‌లో బైపీసీ చదివినా, ఎంపీసీ చదివినా దారి ఉంది. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవొచ్చు. దానికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఉంటుంది. లేదా మంచి కాలేజీలో బీఎస్సీ చేసి, ఆపై ఎమ్మెస్సీకి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకో, పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికో వెళ్లొచ్చు. పరిశోధనకు బెంగళూరు ఐఐఎస్‌సీలో పర్యావరణ శాస్త్ర కేంద్రం 1983 నుంచి ఉంది. మన హిందూపురం నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోపు అక్కడుంటాం. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తుండగానే నెలకు 37,000 రూపాయలు, దానికి తోడు అర్హతను బట్టి ఇంటి అద్దె భత్యం ఇస్తారు. ఫీజు కట్టి చదవడం అక్కడితో ఆగి, చదువుకే డబ్బులిచ్చే దశ మొదలవుతుంది.

కష్టాలు దాచను. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లు తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు తప్పవు. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. స్థిరపడేసరికి ముప్పై దాటుతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ లెక్క ఇంకా బరువుగా తోస్తుందని నాకు తెలుసు. కానీ లాంగ్ టర్మ్ కోచింగులు, ఎండీ సీట్లు, స్పెషలైజేషన్లు కలుపుకుంటే డాక్టరు కావడానికి పట్టే ఏళ్లు కూడా తక్కువేం కావు. పైగా ఎకాలజీ చదివినవాళ్లకు విశ్వవిద్యాలయం ఒక్కటే గతి కాదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఉంది. ఉపగ్రహ చిత్రాలతో అడవుల్ని కొలిచే హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ ఉంది. ఫ్యాక్టరీలకు, గనులకు పర్యావరణ ప్రభావ అంచనాలు తయారుచేసే పని ఉంది.

మన దగ్గరే ఈ దారిలో నడిచినవారున్నారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన టి. పుల్లయ్య గారు, మరో పరిశోధకురాలితో కలిసి 1989లో అనంతపురం జిల్లా మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. ఎడారిలాంటి జిల్లా అని అందరూ తీసిపారేసే నేలలో ఏయే మొక్కలున్నాయో చెట్టు చెట్టూ, గడ్డి గడ్డీ రాసిపెట్టారు. ఇప్పుడు ఏ మొక్క తగ్గిందో, ఏది కొత్తగా వచ్చిందో తేల్చాలంటే అలాంటి పాత లెక్క చేతిలో ఉండాలి. పెనుకొండ, చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి కొండలు చూడండి. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ గుట్టల్ని 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ తోడుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాపాడుకుంటే గడ్డి, చెట్లు తిరిగొచ్చాయి. పరిశోధకుడికి అంతకంటే మంచి ప్రయోగశాల ఏముంటుంది?

ఈ వృత్తికి కావలసింది ఓపిక. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి దీవిలోని ఒక పర్వతం మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315. నిధులు ఆగిపోయే ప్రమాదం వచ్చినా ఆయన వదల్లేదు. ఆయన తర్వాత కొడుకు రాల్ఫ్ అదే లెక్క కొనసాగిస్తున్నారు. ఇప్పుడది 420 దాటింది. భూమి ఎందుకు వేడెక్కుతోందన్న వాదనలో నేటికీ ముందు చూపించే ఆధారం అదే.

మీ పిల్లల చేత మీరు ఈ నెలే ఒక చిన్న పని చేయించవచ్చు. ఒక నోటుబుక్కు ఇవ్వండి. వీధిలో ఒక వేపచెట్టును ఎంచుకొని అది ఎప్పుడు చిగురిస్తుందో, ఎప్పుడు పూస్తుందో తేదీ వేసి రాయమనండి. ఉగాది పచ్చడికి ఎలాగూ ఆ పువ్వు వెతుక్కుంటాం కదా. మూడేళ్లు రాస్తే మీ వీధికే ఒక రికార్డు తయారవుతుంది. సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో బడిపిల్లలు ఇలాంటి వివరాలే పంపుతున్నారు. మొదటి నెలకే విసుగొస్తే వదిలేయనివ్వండి, నష్టమేమీ లేదు. మూడేళ్లూ రాస్తే మాత్రం ఆ బిడ్డ ఇష్టాన్ని కాలక్షేపం అని కొట్టిపారేయకండి.

నన్నడిగిన ఆ తండ్రికి ఇదే నా జవాబు. పెడుతుంది, అయ్యా. కాస్త ఆలస్యంగా పెడుతుంది. వచ్చే మీటింగుకు పాపను కూడా వెంట తీసుకురండి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ముగ్గురం కూర్చొని మాట్లాడుకుందాం.

— మీ పిల్లల బయాలజీ టీచర్