ఈత బట్టలు మారాయి, రికార్డుల పుస్తకం మారలేదు

వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో మగవాళ్ళ ప్రపంచ రికార్డు చరిత్ర చూస్తే తమాషాగా ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ ఈతగాడు హూగెన్‌బాండ్ 47.84 సెకన్లలో ఈదాడు. ఏడేళ్ళకు పైగా దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు. తర్వాత 2008 మార్చి నుంచి 2009 జూలై దాకా, పదహారు నెలల్లో, అది ఏకంగా 46.91కి దిగింది. అక్కణ్ణుంచి ఇంకో 0.05 సెకను తగ్గడానికి పదమూడేళ్ళు పట్టింది. ఆ పదహారు నెలలు మాత్రం మనుషులు చేపలైపోయారా? కాదు లెండి, బట్టలు మారాయి.

అప్పట్లో పాలీయూరితేన్ సూట్లొచ్చాయి. ఒంటిని బిగించి పట్టేవి, నీళ్ళు పీల్చేవి కావు, మనిషిని కాస్త పైకి తేల్చేవి. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. బ్రెజిల్ ఈతగాడు సియెలో కొట్టిన 46.91 అక్కడిదే. గోల పెరిగాక ఈత సమాఖ్య ఫినా (ఇప్పుడు దాని పేరు వరల్డ్ ఆక్వాటిక్స్) 2010 జనవరి 1 నుంచి రూలు మార్చింది. మగవాళ్ళకు నడుము నుంచి మోకాలి దాకా, ఆడవాళ్ళకు భుజం నుంచి మోకాలి దాకా మాత్రమే. పైగా అది దారాలతో నేసిందో అల్లిందో అయిన గుడ్డే అయ్యుండాలి. ఎమ్మిగనూరు మగ్గాలు చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గుడ్డకి పోగుల మధ్య సందు ఉంటుంది, ప్లాస్టిక్ పొరకి ఉండదు.

ఈ రూలు మంచిదే. నా గొడవల్లా రికార్డుల పట్టికతోనే. బట్టల్ని నిషేధించి, ఆ బట్టలతో వచ్చిన అంకెల్ని మాత్రం అదే వరుసలో ఉంచేశారు.

దీని దెబ్బ ఎక్కువగా తగిలింది మగ స్ప్రింటర్లకి. ఆడవాళ్ళకు ఒళ్ళు కప్పే గుడ్డయినా మిగిలింది. వాళ్ళ వంద మీటర్ల రికార్డు 2016లో, యాభైది 2017లో పడిపోయాయి. మగవాళ్ళ వందని పొపొవిచి అనే రొమేనియా కుర్రాడు 2022లో అదే రోమ్‌లో దాటాడు. యాభై మీటర్లలో సియెలో 2009 డిసెంబరులో పెట్టిన 20.91, 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి కూడా చెక్కు చెదరలేదు. అక్కడ బంగారు పతకం 21.25కే వచ్చింది. యాభైలో మలుపు కూడా ఉండదు, సూటు ఇచ్చిన లాభాన్ని ఇంకెక్కడ పూడ్చుకోవాలి?

మా ఉరుకుంద, ఆదోని వైపు బండలాగుడు పోటీలు చూసేవాళ్ళని అడగండి. పాలపళ్ళ గిత్తలకి ఒక బండ, ఆరుపళ్ళ గిత్తలకి ఇంకో బండ. బండ మారితే ఈ దూరాన్ని ఆ దూరంతో ఎవరూ పోల్చరు. చదువు రానివాళ్ళకి కూడా తెలిసిన లెక్క ఇది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళమూ సర్వర్ మార్చాక పాత కొలతలు పక్కన పెట్టేస్తాం.

అథ్లెటిక్స్ వాళ్ళు ఈ పని ఎప్పుడో చేశారు. 1984లో ఊవే హోన్ (తర్వాత మన నీరజ్ చోప్రాకి కోచ్‌గా పనిచేసినాయనే) జావెలిన్‌ని 104.80 మీటర్లు విసిరాడు. 1986లో మగవాళ్ళ జావెలిన్ బరువు కేంద్రాన్ని ముందుకి జరిపి, రికార్డుల్ని మళ్ళీ మొదటినుంచి రాశారు. హోన్ గొప్పతనం ఏమీ తగ్గలేదు. అలా చెయ్యకపోయుంటే ఈ తరం వాళ్ళంతా ఇప్పటికీ ఆ 104.80 నీడలోనే విసురుతూ ఉండేవాళ్ళు. 2025లో నీరజ్ విసిరిన 90.23ని కూడా దాని పక్కనే పెట్టి చూసేవాళ్ళం.

సియెలో అప్పటి రూలేమీ తప్పలేదు కదా అంటారు. నిజమే. కొట్టెయ్యమని నేనూ అనటం లేదు. 2009 దాకా ఒక పట్టిక, 2010 నుంచి ఇంకో పట్టిక పెట్టాల్సింది అంటున్నాను. ఆస్ట్రేలియా ఈతగాడు మెకెవోయ్ 2016లో వంద మీటర్లు 47.04లో ఈదాడు. గుడ్డ బట్టల్లో అప్పటికి అంత వేగంగా ఈదినవాడు లేడు. పేరుకి మాత్రం అది ప్రపంచ రికార్డు కాలేదు. ఈతగాడికి మంచి వయసు ఎన్నేళ్ళుంటుంది చెప్పండి? పదమూడేళ్ళంటే ఒక తరం మొత్తం. వాళ్ళు పక్క లేనులో మనిషితో కాక, అమ్మటం కూడా ఆగిపోయిన ఒక సూటుతో పోటీ పడ్డారు.