ఉప్పు మార్చుటకు ముందు

రక్తపుపోటుకు మాత్ర వేసికొను పెద్దలు మన కుటుంబములలో నేడు పలువురు కలరు. వైద్యులు ఉప్పు తగ్గింపుమందురు. ఆవకాయ విడువజాలని మనవారు ఉపాయము వెదకుదురు. ఆ ఉపాయము మా కిరాణా అంగడిలోనే దొరకుచున్నది: ‘లో సోడియం’ ఉప్పు. అమ్ము మేమే హెచ్చరించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు.

ఈ ఉప్పులో సోడియము కొంత తగ్గించి, బదులు పొటాసియము కలుపుదురు. చాలమందికిది మేలే. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇంటి వాడుకకు దీనిని సూచించినది; కాని మూత్రపిండముల లోపము గలవారిని, మరి యే కారణముననైనను పొటాసియము సరిగా వెడలనివారిని మినహాయించినది.

ఈ మినహాయింపు మనవారిలో పలువురికి తగులును. ఎట్లన, మూత్రపిండములు రెనిన్ అను పదార్థమును విడుచును. దానివలన పుట్టు యాంజియోటెన్సిన్ అను హార్మోను రక్తనాళములను బిగించును. ఉప్పును, నీటిని ఒంట నిలిపి, పొటాసియమును మూత్రమున వెడలించును. ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలు ఆ హార్మోను పుట్టుటను తగ్గించును; లోసార్టాన్, టెల్మిసార్టాన్ మాత్రలు దాని పనిని అడ్డగించును. పోటు తగ్గును, పొటాసియము వెడలుటయు తగ్గును. దానిపై పొటాసియపు ఉప్పు చేరినచో, మూత్రపిండములు బలహీనమైనవారికి ముఖ్యముగా, గుండె లయ తప్పు ప్రమాదము కలదు. ముందుగా బాధ యేమియు తెలియకపోవచ్చును; రక్తపరీక్షయే తెలుపవలెను.

మాత్రలు మానుడని మేము చెప్పుట లేదు. అవి గుండెకు మేలు చేయును. మధుమేహము గలవారి మూత్రపిండములను కాపాడుటకును వీనినే ఇత్తురు. వైద్యుని అడుగక మాత్ర మానరాదు, ఉప్పును మార్చరాదు. ఇదియే మా మాట.

తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన పెద్దలకు తెలుగు ఇంటి భాష, తమిళము అంగడి భాష. మాత్రపై పేరు మాత్రము ఆంగ్లము. కావున చదువుకొన్న పిల్లలు ఆ పేరు చదివి చూడవలెను. చివర ‘ప్రిల్’ గాని ‘సార్టాన్’ గాని ఉన్నచో వైద్యుని అడిగిన పిమ్మటనే ఈ ఉప్పు కొనవలెను. మా అంగడిలో ఈ సంగతిని రెండు భాషలలో అట్టపై వ్రాసి ఉప్పు పొట్లముల ప్రక్కనే ఉంచితిమి. సంఘమునందలి వర్తక సోదరులెల్లరు అట్లే చేయవలెనని మా మనవి. పది పొట్లములు అమ్ముడుపోకున్నను కలుగు నష్టము స్వల్పము. ఒక పెద్ద ప్రాణమునకు ముప్పు వాటిల్లినచో ఏ లాభమును దానిని పూడ్చజాలదు.